నిద్రించే క్రిమి – మేల్కొలిపే మందు

కడుపులో పురుగులనగానే మనకు స్ఫురించేవి ఏలికపాములు, నులిపురుగులు, కొంకిపురుగులు. "వాయువిడంగాల చూర్ణం తేనెతో ఎన్నాళ్లు పుచ్చుకోవాలి?" అని పలువురు నన్ను ప్రశ్నిస్తుంటారు. ఆరోగ్యవంతుని విషయంలో ఆ ప్రశ్న సహజమే. కానీ దేహబలం క్షీణించినవారిని నేను ముందుగా అడిగేది వేరొకటి: "మీరు ఇంకేమి మందులు వాడుతున్నారు?" అందుకు కారణమున్నది.

మట్టి నుండి ప్రేగులకు

స్ట్రాంగైలాయిడిస్ అనే సన్నని పురుగు ఒకటి ఉన్నది. మలంతో కలుషితమైన తడిమట్టిలో దీని పిల్లపురుగులు ఉంటాయి. చెప్పులు లేకుండా నడిచేవారి పాదాల చర్మాన్ని తొలుచుకొని ఇవి దేహంలో ప్రవేశిస్తాయి. రక్తం ద్వారా ఊపిరితిత్తులకు, అక్కడి నుండి గొంతుకు ప్రాకి, మ్రింగబడి చిన్నప్రేగులలో స్థిరపడతాయి. ఏలికపాము మన దేహంలోనే తన సంఖ్యను పెంచుకోజాలదు. ఈ పురుగు సంతానంలో కొంత మాత్రం వెలుపలికి పోకుండానే ప్రేగుగోడను తొలిచి, తిరిగి అదే మార్గాన సంచరిస్తుంది. అందువలన ఒకసారి సోకితే దశాబ్దాలు నిలువగలదు. రెండవ ప్రపంచయుద్ధకాలంలో బర్మా–థాయిలాండ్ రైలుమార్గ నిర్మాణంలో పనిచేసిన యుద్ధఖైదీలు స్వదేశాలకు చేరిన 30 ఏండ్ల తరువాత కూడ, వారిలో కొందరి కడుపులో ఇది కనబడింది.

వ్యాధినిరోధకశక్తి చక్కగా ఉన్నంతకాలం దీని సంఖ్య అదుపులో ఉంటుంది. రోగికి తెలియను కూడ తెలియదు. ఉబ్బసానికో, కీళ్లవాతానికో, అవయవమార్పిడి తరువాతనో స్టెరాయిడ్ మందులు వాడినపుడు ఆ అదుపు తప్పుతుంది. పిల్లపురుగులు అసంఖ్యాకంగా పెరిగి ఊపిరితిత్తులు, కాలేయం, మెదడు వరకు వ్యాపిస్తాయి. ప్రేగులలోని సూక్ష్మజీవులు కూడ రక్తంలో చేరి ప్రాణాపాయం కలుగుతుంది. 2020లో కొవిడ్ రోగులకు డెక్సామెథాసోన్ విరివిగా ఇచ్చినపుడు వైద్యులు ఈ ప్రమాదాన్ని గురించి హెచ్చరించారు.

ఇక్కడ మన పాఠకులు ప్రత్యేకంగా గమనించవలసినది ఒకటున్నది. ఉబ్బసానికి, కీళ్లనొప్పులకు "మూలికా మందు" పేరిట చీటీలేని పొట్లాలలో అమ్మే కొన్ని పొడులలో స్టెరాయిడ్ కలిపి ఉంటుంది. రెండు రోజులలోనే అద్భుతగుణం కనబడితే సందేహించవలసినదే.

చరకుని మూడు సూత్రాలు

చరకసంహిత విమానస్థానంలో క్రిమిచికిత్స మూడు విధాలుగా చెప్పబడింది: క్రిములను తొలగించుట, అవి వృద్ధిపొందే స్థితిని నశింపజేయుట, కారణాన్ని పరిహరించుట. బలహీనులకు మూడవదే ప్రధానమని నా అభిప్రాయం. రోగిని సోకనీయకుండుటే సులభమైన చికిత్స.

ఆచరించవలసినవి

• స్టెరాయిడ్లు దీర్ఘకాలం వాడవలసివస్తే, ముందుగానే మలపరీక్ష, రక్తపరీక్షల గురించి వైద్యుని అడగాలి. ఒక్క మలపరీక్షలో ఈ పురుగు తప్పించుకొనవచ్చును. వాడుతున్న స్టెరాయిడ్‌ను హఠాత్తుగా మానరాదు.

• ఈ పురుగుకు వైద్యులిచ్చే ప్రధానౌషధం ఐవర్‌మెక్టిన్. వాయువిడంగాలుగాని, బడిపిల్లలకిచ్చే ఆల్బెండజోల్ ఒక్క మాత్రగాని దానికి బదులు కాజాలవు.

• పొలానికి, పెరటికి చెప్పులు లేకుండా పోరాదు. మరుగుదొడ్డినే వాడాలి.

• నీటిని తెర్లకాచి చల్లార్చి త్రాగాలి. 1993లో అమెరికాలోని మిల్వాకీ నగరంలో క్రిప్టోస్పోరిడియం అనే పరాన్నజీవి కుళాయినీటి ద్వారా సుమారు 4 లక్షలమందికి సోకింది. మరణించినవారిలో అత్యధికులు ఎయిడ్స్ రోగులు. నీటిలో కలిపే క్లోరిన్ దానిని చంపలేదు. తెర్లకాగు నీటిలో అది నిలువలేదు.

• మజ్జిగలో కలిపే నీరు కూడ కాచినదే కావాలి. నేలమీది ఆకులను కోసి పచ్చిపసరు త్రాగుట బలహీనులకు తగదు. కషాయంగా కాచి పుచ్చుకొనుట మేలు.

విరేచనాలు వారం దాటినా, మలంలో రక్తం పడినా, జ్వరంతో దగ్గు, ఆయాసం తోడైనా గృహవైద్యంతో కాలయాపన చేయరాదు. పథ్యంగా పలుచని గంజి ఇస్తూ రోగిని వెంటనే ఆసుపత్రికి చేర్చాలి. అక్కడ స్టెరాయిడ్ వాడుతున్న సంగతిని తప్పక తెలియజేయాలి.