ఆ గురువారం రైలు పాట

"ఏం పాట తమ్మీ ఇది, మంచిగున్నది. లవ్ సాంగా?" అని అడిగాడు పక్క సీటు కరీంనగర్ అన్న. పొద్దున్నే సైటుకి వెళ్ళే బస్సులో ఫోన్లో పెట్టుకున్నాను. "అవునన్నా, రైల్లో మొదలైన లవ్" అన్నాను. మిగతాది దారిలో చెప్పాను.

పాడింది స్పెయిన్ వాళ్ళ పాప్ రాక్ బ్యాండ్ 'లా ఒరేహా దె వాన్ గోగ్'. అంటే 'వాన్ గో చెవి' అని అర్థం! చెవి కోసుకున్న డచ్చి చిత్రకారుడు ఉన్నాడే, ఆయన చెవి అన్నమాట. పేరుకి భయపడక్కర్లేదు, పాటలు తేలిగ్గా నోటికొచ్చే రకం. ఉత్తర స్పెయిన్లో సముద్రం ఒడ్డున ఉండే శాన్ సెబాస్టియన్ ఊళ్ళో 1996లో నలుగురు కుర్రాళ్ళు, అమాయా మోంటెరో అనే గాయని కలిసి మొదలుపెట్టారు. 1998లో తొలి ఆల్బమ్ 'డీలె ఆల్ సోల్' వచ్చింది. తర్వాత స్పెయిన్ దాటి మెక్సికో, అర్జెంటీనా దాకా పేరు పాకింది. 2006లో 'గ్వాపా' ఆల్బమ్‌కి లాటిన్ గ్రామీ వచ్చింది.

2007లో అమాయా సొంతంగా పాడుకుంటానని వెళ్ళిపోయింది. బ్యాండ్‌కి గొంతే పోతే ఇంకేముంది? కానీ 2008లో లేయిరే మార్టీనెజ్‌ని తెచ్చుకుని, అదే ఏడాది కొత్త ఆల్బమ్ తీశారు. నేను చెప్పే పాట అందులోదే. పేరు 'హువేవెస్', అంటే గురువారం.

2004 మార్చి 11 గురువారం. పొద్దున ఏడున్నర దాటింది. మాడ్రిడ్ శివార్ల నుంచి అటోచా స్టేషన్‌కి వచ్చే నాలుగు లోకల్ రైళ్ళలో బాంబులు పేలాయి. 190 మందికి పైగా పోయారు. వాళ్ళంతా డ్యూటీలకి, కాలేజీలకి వెళ్తున్నవాళ్ళు. రొమేనియా, ఈక్వడార్ లాంటి దేశాల నుంచి పనికొచ్చినవాళ్ళు కూడా వాళ్ళలో ఉన్నారు. మనలాంటివాళ్ళే.

పాటలో బాంబు అన్న మాటే లేదు. ఓ అమ్మాయి రోజూ రైల్లో ఎదుటి సీటు అబ్బాయిని చూస్తుంది. మాట్లాడాలంటే సిగ్గు. ఒకరోజు ఎలాగో తడబడుతూ పలకరిస్తుంది. తీరా చూస్తే అతను కూడా ఆమె కోసమే త్వరగా చేర్చే రైలు వదిలేసి రోజూ ఈ రైలెక్కుతున్నాడట! చివర్లో తేదీ ఒక్కటే చెప్తారు, తర్వాత సొరంగం వస్తుంది. అంతే. ఆ తేదీ తెలిసినవాళ్ళకి ఇంకేం చెప్పక్కర్లేదు. ఏడుపు మ్యూజిక్ పెట్టి ఊదరగొట్టకుండా ఆపడమే ఇందులో గొప్ప అని నాకనిపిస్తుంది.

కరీంనగర్ అన్న ఆ తర్వాత సైటు వచ్చేదాకా మాట్లాడలేదు.

లేయిరే పదహారేళ్ళు పాడి 2024లో బయటికొచ్చింది. 2025 అక్టోబర్లో అమాయా తిరిగొస్తోందని ప్రకటించారు. పాత అభిమానులకి పండగే. నాకు మాత్రం ఆ రైలు పాట అంటే లేయిరే గొంతే. ఈ బ్యాండ్ కొత్తగా వినేవాళ్ళు దాంతోనే మొదలుపెట్టండి. కాకపోతే రూముకొచ్చాక వినండి, పొద్దున బస్సులో వద్దు.