సంగటికి సరిజోడు ఊరిబిండి

మా చిత్తూరు వైపు రాగిసంగటి ముద్ద పెట్టి పక్కన చెనిక్కాయల ఊరిబిండి వెయ్యకపోతే వడ్డించినామెను అనుమానంగా చూస్తారు. వానాధార చేలల్లో చెనిక్కాయే దిక్కయిన నేల ఇది. నారాయణి, ధరణి లాంటి వేరుశనగ రకాలు పుట్టింది తిరుపతి వ్యవసాయ పరిశోధన స్థానంలోనే.

ఒక గ్లాసు చెనిక్కాయ విత్తనాలకు ఎనిమిది ఎండుమిరపకాయలు, రెండు టమాటాలు, నాలుగు వెల్లుల్లి రెబ్బలు, కాస్త జీలకర్ర, చింతపండు, ఉప్పు చాలు. విత్తనాలను సన్నమంట మీద ఓపిగ్గా వేయించాలి. మంట పెంచితే పైన మాడుతుంది, లోపల పచ్చిగానే ఉంటుంది. చల్లారాక పొట్టు తీసెయ్యండి. బూజు పట్టినవి, ముడుచుకున్నవి ముందే ఏరి పారెయ్యండి. వాటిలో అఫ్లాటాక్సిన్ అనే విషం ఉండొచ్చు, వేయించినా పూర్తిగా పోదు.

మిరపకాయలు, టమాటాలు నూనెలో మగ్గించి, ముందు మిరప, ఉప్పు, జీలకర్ర, వెల్లుల్లి, చింతపండు నూరాలి. తర్వాత విత్తనాలు, టమాటాలు. చివర్లో ఉల్లిపాయ ముక్కలు వేసి ఒక్క దంపు. మా అవ్వ రోట్లో నూరేది. నేను మిక్సీనే, కాకపోతే ఆపి ఆపి తిప్పుతాను. విత్తనంలో సుమారు సగం నూనే కాబట్టి ఆపకుండా తిప్పితే జిడ్డుముద్దవుతుంది. మిరప ఘాటు నీళ్లలో కరగదు, నూనెలో కరుగుతుంది. అందుకే ఇంత కారమూ నోటికి హితంగా ఉంటుంది.

నీళ్లు మాత్రం ఎక్కువ పొయ్యొద్దు. జారితే అది ఇడ్లీ చట్నీ, ఊరిబిండి కాదు.