ఫోన్ ట్యాపింగ్: సంతకం ఒకరిది.. చెక్ చేసేది ముగ్గురు! ఆ కమిటీలో లా సెక్రటరీ పని ఏంటి?

ఫోన్ ట్యాపింగ్ కేసు వార్తల్లోకి వచ్చిన ప్రతిసారీ హైదరాబాద్–విజయవాడ హైవే మీద, పరిటాల టీ స్టాళ్ల దగ్గర వినిపించే డౌట్ ఒకటే. "పెద్దోళ్లవే విన్నారా? మనవి కూడానా?"

డౌట్ కరెక్టే. కానీ దానికంటే ముందు అడగాల్సిన ప్రశ్న ఇంకోటి ఉంది. ఇంటెలిజెన్స్ వాళ్లు ఒక నంబర్ వినాలనుకుంటే, "ఇది చట్టప్రకారం ఉందా?" అని అడిగే మనిషి ప్రభుత్వంలో ఎవరు? ఆ మనిషి చేతిలో ఉన్న పవర్ ఎంత?

అసలు ఆర్డర్ ఎవరివ్వాలి?

పరిటాలలో ఒకరి ఫోన్ వినాలనుకుందాం. కంచికచర్ల స్టేషన్ ఎస్సై ఆర్డర్ ఇవ్వలేరు. నందిగామలో ఉండే పోలీసు అధికారి కూడా ఇవ్వలేరు. వెలగపూడి సచివాలయంలో ఉండే రాష్ట్ర హోం సెక్రటరీ సంతకం కావాలి. అదే గరికపాడు చెక్‌పోస్ట్ దాటి తెలంగాణలోకి వెళ్తే, అక్కడి హోం సెక్రటరీ సంతకం పెట్టాలి. కేంద్ర ఏజెన్సీలకైతే ఢిల్లీలోని కేంద్ర హోం సెక్రటరీ.

ఎమర్జెన్సీ అయితే? రాష్ట్ర స్థాయిలో ఐజీ ర్యాంకుకు తగ్గని అధికారి ముందు ఆర్డర్ ఇవ్వొచ్చు. కానీ 3 వర్కింగ్ డేస్‌లో హోం సెక్రటరీకి చెప్పాలి. 7 వర్కింగ్ డేస్‌లో ఆమోదం రాకపోతే వినడం ఆపేయాలి. అప్పటిదాకా విన్నది సాక్ష్యంగా వాడకూడదు, 2 వర్కింగ్ డేస్‌లో చెరిపేయాలి.

ఒక్కో ఆర్డర్ గడువు 60 రోజులు. పొడిగించుకుంటూ పోయినా 180 రోజులు దాటకూడదు.

కారణం కూడా ఏదిపడితే అది కుదరదు. పబ్లిక్ ఎమర్జెన్సీ లేదా ప్రజా భద్రతకు సంబంధించిన పరిస్థితి ఉండాలి. దేశ సమగ్రత, భద్రత, విదేశాలతో సంబంధాలు, శాంతిభద్రతలు, నేరానికి ఉసిగొల్పడాన్ని ఆపడం.. ఈ లిస్టులోంచే కారణం చూపించాలి. రాజకీయ ప్రత్యర్థి ఏం మాట్లాడుతున్నాడో తెలుసుకోవడం ఈ లిస్టులో లేదు.

ఈ రూల్స్ ఎక్కడి నుంచి వచ్చాయి?

1885 నాటి టెలిగ్రాఫ్ చట్టంలోనే ట్యాపింగ్‌కి అధికారం ఉంది. కానీ ఎవరు, ఎలా, ఎన్నాళ్లు అన్న లెక్క లేదు. పీయూసీఎల్ అనే పౌరహక్కుల సంస్థ సుప్రీంకోర్టుకు వెళ్లింది. 1996 డిసెంబర్ 18న కోర్టు తీర్పు ఇచ్చింది. ఫోన్‌లో మాట్లాడుకోవడం ప్రైవసీ హక్కులో భాగమని, ప్రతి ఆర్డర్‌నూ ఒక రివ్యూ కమిటీ చూడాలని చెప్పింది. 2007లో అవే 419ఏ రూల్ రూపంలో వచ్చాయి. 2023 టెలికమ్యూనికేషన్స్ చట్టం తర్వాత, 2024 డిసెంబర్‌లో కొత్త రూల్స్ వాటి స్థానంలోకి వచ్చాయి. రివ్యూ కమిటీ మాత్రం అలాగే ఉంది.

రివ్యూ కమిటీలో ఎవరుంటారు?

రాష్ట్రంలో ముగ్గురు. చీఫ్ సెక్రటరీ చైర్మన్. లా సెక్రటరీ ఒక మెంబర్. హోం సెక్రటరీ కాకుండా ఇంకో శాఖ సెక్రటరీ మరో మెంబర్. ఆర్డర్ ఇచ్చిన వాళ్లే దాన్ని చెక్ చేయకూడదని హోం సెక్రటరీని బయట పెట్టారు.

ఈ ముగ్గురిలో న్యాయశాస్త్రమే వృత్తిగా ఉన్నది లా సెక్రటరీ ఒక్కరే. తెలుగు రాష్ట్రాల్లో సాధారణంగా జిల్లా జడ్జి స్థాయి న్యాయాధికారిని ఈ పోస్టులో వేస్తారు. బిల్లులు రాయించడం, శాఖలకు న్యాయసలహా ఇవ్వడం వీళ్ల రోజువారీ పని. దాంతోపాటే నిఘా ఆర్డర్ల ఫైల్ కూడా వీళ్ల టేబుల్ మీదకు వస్తుంది.

ఆ ఫైల్‌లో వీళ్లు చూడాల్సినవి ఇవీ..

ఆర్డర్ ఇచ్చింది అధికారం ఉన్న వ్యక్తేనా?
కారణం రాతలో ఉందా? చట్టంలోని లిస్టుకు సరిపోతుందా?
వేరే దారిలో ఆ సమాచారం దొరకదా అని ముందు ఆలోచించారా?
గడువు దాటిందా?

తేడా ఉంటే కమిటీ ఆర్డర్‌ను కొట్టేయొచ్చు. రికార్డు చేసింది చెరిపేయమనొచ్చు. పేపర్ మీద చూస్తే ఇది చిన్న పవర్ కాదు.

మరి సమస్య ఎక్కడ?

మొదటిది టైమ్. కమిటీ కనీసం 2 నెలలకోసారి కూర్చోవాలి. అంటే ఆర్డర్ ఇచ్చి, వినడం మొదలయ్యాకే ఫైల్ వీళ్ల దగ్గరకు వస్తుంది.

రెండోది లెక్క. జస్టిస్ శ్రీకృష్ణ కమిటీ 2018లో ఇచ్చిన రిపోర్టులో ఈ విషయం రాసింది. కేంద్ర స్థాయి రివ్యూ కమిటీ ఒక్కో మీటింగ్‌లో 15,000 నుంచి 18,000 ఆర్డర్లు చూడాల్సి వస్తోందని, అది అయ్యే పని కాదని చెప్పింది. 8 గంటలు గ్యాప్ లేకుండా కూర్చున్నా ఒక్కో ఆర్డర్‌కి 2 సెకన్లు కూడా రావు. మీరు ఒక రీల్ స్క్రోల్ చేసే టైమ్ కంటే తక్కువ!

మూడోది అన్నిటికంటే పెద్దది. కమిటీకి కనిపించేది పేపర్ మాత్రమే. ఆ పేపర్‌లో రాసిందే అబద్ధమైతే?

తెలంగాణ కేసు చెప్తున్నదేంటి?

2023 డిసెంబర్ 3న తెలంగాణ ఎన్నికల ఫలితాలు వచ్చాయి. మర్నాడు రాత్రి ఎస్ఐబీ, అంటే స్పెషల్ ఇంటెలిజెన్స్ బ్యూరో ఆఫీసులో హార్డ్ డిస్కులు ధ్వంసం చేశారన్నది పోలీసుల ఆరోపణ. 2024 మార్చిలో పంజాగుట్ట స్టేషన్‌లో కేసు పెట్టారు. డీఎస్పీ ప్రణీత్ రావును అరెస్ట్ చేశారు. అమెరికాలో ఉన్న ఎస్ఐబీ మాజీ చీఫ్ ప్రభాకర్ రావు 2025 జూన్‌లో తిరిగొచ్చి సిట్ ముందు హాజరయ్యారు.

ఎస్ఐబీ పని ప్రధానంగా మావోయిస్టులపై నిఘా. కానీ నాయకులు, వ్యాపారులు, జర్నలిస్టులు, జడ్జిల నంబర్లు కూడా విన్నారన్న ఆరోపణలు వచ్చాయి. మావోయిస్టులతో సంబంధాల పేరు చెప్పి ఆ నంబర్లకు అనుమతులు తీసుకున్నారన్నది కూడా ఆరోపణల్లో ఒకటి. తెలంగాణ హైకోర్టు ఈ వ్యవహారాన్ని సుమోటోగా తీసుకుంది. ప్రభాకర్ రావు ఆరోపణలను ఖండించారు. తప్పెవరిదన్నది కోర్టులోనే తేలాలి.

కానీ ఆ ఆరోపణ నిజమా కాదా అన్నది పక్కన పెట్టినా, ఒక ప్రశ్న మిగులుతుంది. నంబర్ పక్కన "మావోయిస్టు సానుభూతిపరుడు" అని రాసి ఉంటే, ఆ నంబర్ నిజంగా ఎవరిదో లా సెక్రటరీకి ఎలా తెలుస్తుంది? కమిటీకి సొంత ఇన్వెస్టిగేషన్ టీమ్ లేదు. "ఈ నంబర్ ఓనర్ ఎవరు?" అని మెంబర్ పట్టుబట్టి అడిగితేనే తెలుస్తుంది. అడగకపోతే సంతకం పడిపోతుంది.

కోర్టులు ఏం చేశాయి?

రూల్ తప్పితే కోర్టులు ఊరుకోలేదు. 2019లో బాంబే హైకోర్టు ఒక లంచం కేసులో 3 ట్యాపింగ్ ఆర్డర్లు కొట్టేసింది. ప్రజా భద్రతకు ముప్పు ఉందని చూపించలేకపోయారని చెప్పి, రికార్డింగులు ధ్వంసం చేయమంది. 2025 జులైలో మద్రాస్ హైకోర్టు కూడా 2011 నాటి ఒక ఆర్డర్ రద్దు చేసింది. విన్న సమాచారాన్ని రివ్యూ కమిటీ ముందు పెట్టకపోవడం కూడా ఆ తీర్పులో ఒక పాయింట్.

ఇక్కడ గమనించాల్సింది.. ఆ రెండు కేసుల్లోనూ ట్యాపింగ్ జరిగిందని సంబంధిత వ్యక్తికి తెలిసింది, కాబట్టే కోర్టుకెళ్లారు. మామూలుగా అయితే ట్యాప్ చేసినట్టు మీకు ఎవరూ చెప్పరు. అయిపోయాక కూడా చెప్పరు.

బయట దేశాల్లో?

బ్రిటన్‌లో 2016 చట్టం ప్రకారం మంత్రి సంతకం పెట్టాక, ఒక జ్యుడీషియల్ కమిషనర్ కూడా ఓకే అనాలి. అర్జెంట్ కేసులు తప్ప, వినడానికి ముందే ఇది జరగాలి. అమెరికాలో విదేశీ గూఢచర్యంపై నిఘాకు 1978 నుంచి ప్రత్యేక కోర్టు ఉంది. మన దగ్గర ముందే చూసే జడ్జి లేరు. నిఘా సంస్థలపై పార్లమెంటుకు పర్మనెంట్ కమిటీ లేదు. 2011లో మనీష్ తివారీ ప్రైవేట్ మెంబర్ బిల్లు పెట్టినా చట్టం కాలేదు. ఏపీ అసెంబ్లీ 2022 మార్చిలో పెగాసస్ ఆరోపణలపై హౌస్ కమిటీ వేసింది. అది ఆరోపణ వచ్చాక వేసిన కమిటీ. రోజూ కాపలా కాసేది కాదు.

మరి సామాన్యుడి చేతిలో ఏముంది?

అక్రమంగా ట్యాప్ చేస్తే 2023 చట్టం ప్రకారం 3 ఏళ్ల వరకు జైలు, 2 కోట్ల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. అనుమానానికి ఆధారం ఉంటే పోలీసులకు ఫిర్యాదు చేయొచ్చు. హైకోర్టులో రిట్ వేయొచ్చు.

పరిటాలకు ఇలాంటి ప్రశ్న కొత్త కాదు. చుట్టూ బ్రిటిష్ పాలన ఉంటే, మధ్యలో ఈ పరగణా నిజాం ఏలుబడిలో ఉండేది. 1947-48లో ఇక్కడి జనం "మా మీద నీ అధికారం ఏంటి?" అని నిజాంనే అడిగి, స్వతంత్రం ప్రకటించుకున్నారు. ఇప్పుడు అదే ప్రశ్న మన తరఫున 2 నెలలకోసారి, తలుపులు మూసిన గదిలో ఒక లా సెక్రటరీ అడగాలి. అడిగారో లేదో తెలుసుకునే దారి మాత్రం జనానికి ఇప్పటికీ లేదు.