బడి గంటల్లో మన వాటా

టైంటేబుల్ అంటే హెడ్మాస్టరు గదిలో అంటించిన కాగితం కాదు, అదొక పంపకం. 2009 విద్యాహక్కు చట్టం 6 నుంచి 8 తరగతులకు ఏడాదికి 220 పనిదినాలు, 1000 బోధనా గంటలు నిర్ణయించింది. అంటే రోజుకు దాదాపు నాలుగున్నర గంటలు. బడికి లైబ్రరీ, ఆటస్థలం ఉండాలని కూడా అదే చట్టం చెప్పింది. అయితే పదో తరగతి పరీక్షలు దగ్గరపడితే ముందు పోయేవి ఆటలు, లైబ్రరీ, బాలసభ పీరియడ్లే. లెక్కల సారో, ఇంగ్లీషు సారో తీసుకుంటరు.

నష్టం ఎవరికి? ఇంట్లో పుస్తకాలున్న పిల్లలు బయట పూడ్చుకుంటరు. వరంగల్ పల్లెల్లో సీజనొస్తే పత్తి ఏరబోయే మాల, మాదిగ పిల్లలకు ఆ పీరియడే దిక్కు.

1984లో మొదలైన సాంఘిక సంక్షేమ గురుకులాల బలం ఇక్కడే ఉంది. పొద్దున వ్యాయామం, సాయంత్రం ఆటలు, రాత్రి చదువు అన్నీ బడి లెక్కలోనివే. 2014 మే 25న ఎవరెస్టు ఎక్కిన మాలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ ఆ గురుకులాల పిల్లలే.

కాబట్టి టీచర్లూ, సంఘాలూ అడగాల్సింది ఇదే: కాగితం మీదున్న లైబ్రరీ పీరియడ్ ఈ ఏడాది ఎన్ని వారాలు నడిచింది? పిల్లల చేతికి పుస్తకం వచ్చిందా?