మెరుపు కోసం చరిత్రను అరగదీయొద్దు

పాత రివాల్వర్ చేతికి రాగానే దాన్ని కొత్తదానిలా మెరిపించాలన్న కోరిక సహజమే. అమెరికాలో గరుకు కాగితం, బఫింగ్ చక్రం, సీసాలో అమ్మే నీలిపూత మందు కొనుక్కుని ఇంట్లోనే ఆ పనికి దిగేవాళ్లు ఎందరో. మన దేశంలోనైతే 1959 నాటి ఆయుధాల చట్టం కింద తుపాకీ మరమ్మతుకు కూడా లైసెన్సు కావాలి. చట్టం ఏం చెప్పినా, పాత ఆయుధానికి తుప్పు ఆపడం మేలు చేస్తుంది. పైపొర గీకి కొత్త పూత వేయడం మాత్రం చాలాసార్లు తీరని నష్టమే.

అమెరికా సైన్యం 1873లో ఎంచుకున్న కోల్ట్ సింగిల్ యాక్షన్ ఆర్మీనే చూడండి. దాని ఫ్రేమును ఎముకల బొగ్గు, కట్టెబొగ్గుల మధ్య పెట్టి ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచేవారు. అలా నీలం, గోధుమ, బూడిద రంగులు కలగలిసిన అతిపలుచని పొర ఏర్పడేది. సైన్యానికి వెళ్లిన తొలి రివాల్వర్ల ఇనుప భాగాల మీద తనిఖీ అధికారి ఆర్విల్ ఐన్స్‌వర్త్ ముద్రగా చిన్న 'ఎ' అక్షరం ఉంటుంది. 1876లో లిటిల్ బిగ్‌హార్న్ దగ్గర పోరాడిన సైనికాధికారి కస్టర్ నడిపిన 7వ అశ్వికదళానికి అందినవి ఐన్స్‌వర్త్ తనిఖీ చేసిన రివాల్వర్లలోవే. అందుకే ఆ చిన్న అక్షరానికి అంత విలువ. బఫింగ్ చక్రం తగిలిందంటే ముద్రలు పలచబడతాయి, పదునైన అంచులు గుండ్రబడతాయి, స్క్రూ రంధ్రాల చుట్టూ లోహం పళ్లెంలా లోతుపడుతుంది. పోయిన లోహాన్ని ఏ నిపుణుడూ వెనక్కి తేలేడు. 1898 తర్వాత తయారైన తుపాకీ సీరియల్ నంబరు చెరిపేస్తే అమెరికా చట్టం దృష్టిలో అది నేరం కూడా.

అలాగని తుప్పు తినేస్తుంటే చూస్తూ కూర్చోమంటారా అని అడగవచ్చు. అక్కర్లేదు. తూటాలు లేవని రూఢి చేసుకుని, మెత్తని గుడ్డతో నూనె పట్టించి నానబెడితే పైపై తుప్పు చాలావరకు వదులుతుంది. అసలు పూత ఎప్పుడో పోయి ఎర్రబారిన విడిభాగాన్ని జిడ్డు లేకుండా కడిగి శుభ్రమైన నీటిలో మరిగిస్తే, తేమను పట్టి ఉంచే ఎర్ర తుప్పు నిలకడైన నల్ల ఆక్సైడుగా మారుతుంది. వదులైన పొడిని మెత్తగా తుడిచి, మ్యూజియంలలో వాడే మైక్రోక్రిస్టలైన్ మైనం పలుచగా రాస్తే చాలు.

నా సొత్తు, నా ఇష్టం అనే మాటలోనూ న్యాయం ఉంది. కానీ సొంతదారు లాభం చూసినా ఇదే సరైన దారి. అరిగినా అసలు పూతే ఉన్న రివాల్వర్‌కు సేకర్తలు ఇచ్చే ధర, కొత్తగా మెరిపించిన దానికి సాధారణంగా ఇవ్వరు. మునుపే ఎవరో గీకేసినదానికో, గుంతలు పడి ముద్రలన్నీ పోయినదానికో తిరిగి పూత పూయడంలో తప్పులేదు. అప్పుడు కూడా సీసాలోని నీలిపూత మందుతో వేసిన పూత త్వరగా అరిగిపోతుంది. తుప్పు పట్టించి, మరిగించి, తుడిచి, అదే పని పదేపదే చేసే పాత పద్ధతే మన్నుతుంది. ఫ్రేమును ఇంట్లో మంటమీద కాల్చడం మాత్రం వద్దు, వేడికి అది వంకర పోవచ్చు, గట్టిదనమూ మారిపోవచ్చు. రాసిన మైనాన్ని రేపు తుడిచేయవచ్చు, గీకేసిన ముద్రను తిరిగి తేలేం. వెనక్కి తీసుకోగల పనితోనే మొదలుపెట్టాలి.