శుక్ర మౌఢ్యం, శుక్ర సంక్రమణం: గ్రహాలతో మనిషి అనుబంధంపై ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:

గ్రహస్థితులు మనిషి జీవితాన్ని నిర్ణయిస్తాయన్న ఫలజ్యోతిష భావనను శుక్రగ్రహం ఆధారంగా పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. శుభకార్యాలకు పనికిరానిదిగా పంచాంగం చెప్పే శుక్ర మౌఢ్యానికీ, సౌరకుటుంబపు కొలతను మానవుడికి అందించిన శుక్ర సంక్రమణానికీ మూలం ఒకే ఖగోళస్థితి. ఆ స్థితిని ఒకరు శకునంగా చూశారు, మరొకరు కొలిచారు. ఈ రెండు దృష్టుల తేడాను, ఫలజ్యోతిషంపై జరిగిన పరీక్షలను, సౌరకుటుంబంతో మనిషికి నిజంగా ఉన్న సంబంధాలను ఈ వ్యాసం చర్చిస్తుంది.

కీలకపదాలు: ఫలజ్యోతిషం, పంచాంగం, శుక్ర మౌఢ్యం, శుక్ర సంక్రమణం, సౌరకుటుంబం, శాస్త్రీయ దృష్టి.

1. ఉపోద్ఘాతం

తెలుగునాట "మూఢం వచ్చింది" అన్న ఒక్క మాటతో పెళ్ళి మాటలు వాయిదా పడతాయి. కల్యాణ మండపాలు ఖాళీ అవుతాయి. మేళగాళ్ళు, వంటవాళ్ళు, పూలవాళ్ళు వారాల తరబడి పనిలేక కూర్చుంటారు. శుక్రుడో గురుడో సూర్యకాంతిలో కలిసిపోయి కంటికి కనిపించని కాలాన్ని మౌఢ్యం అంటారు. ఆ కాలంలో ఆ గ్రహం బలహీనమవుతుందనీ, కనుక వివాహం, గృహప్రవేశం, ఉపనయనం వంటివి చేయరాదనీ ముహూర్తశాస్త్రం చెబుతుంది.

ఇక్కడ రెండు ప్రశ్నలు తలెత్తుతాయి. మౌఢ్యకాలంలో ఆకాశంలో నిజంగా ఏం జరుగుతుంది? దానికీ భూమిమీద ఒక జంట కాపురానికీ సంబంధం ఉందనడానికి ఆధారం ఏమిటి? సౌరకుటుంబంతో మనిషికి సంబంధమే లేదని చెప్పడం ఈ వ్యాసం లక్ష్యం కాదు. ఆ సంబంధం ఎలాంటిదో తేల్చుకోవడమే లక్ష్యం.

2. జ్యోతిషంలో రెండు పాయలు

మన సంప్రదాయం జ్యోతిషాన్ని సిద్ధాంతం, సంహిత, హోర అని మూడు స్కంధాలుగా విభజించింది. సిద్ధాంత స్కంధం గ్రహగతులను లెక్కగడుతుంది. హోర ఆ గతుల నుంచి మనిషికి కలిగే ఫలితాలను చెబుతుంది. మొదటిదాని విలువ నిర్వివాదం. తన 'ఆర్యభటీయం'లో క్రీ.శ. 499ని కాలగణనకు ఆధారంగా తీసుకున్న ఆర్యభటుడు భూమి తన చుట్టూ తాను తిరుగుతుందని అన్నాడు. గ్రహణాలకు నీడలే కారణమని చెప్పాడు. ఫలభాగంలో మహాపండితుడైన వరాహమిహిరుడు సైతం బృహత్సంహితలో గ్రహణానికి ఛాయనే కారణంగా చూపాడు.

గ్రహణం ఎప్పుడు వస్తుందో పంచాంగం ముందుగా చెప్పగలగడం గణితం సాధించిన విజయం. "లెక్క నిజమైంది కదా, ఫలమూ నిజమే" అనుకోవడంలోనే చిక్కు ఉంది. రైలు ఎన్ని గంటలకు వస్తుందో సరిగ్గా చెప్పిన వ్యక్తి, ఆ రైల్లో వచ్చే బంధువు మనకు మేలు చేస్తాడో కీడు చేస్తాడో కూడా చెప్పగలడని నమ్మడం లాంటిదే ఇది.

3. మౌఢ్యం అంటే ఏమిటి?

శుక్రుడు సూర్యుని చుట్టూ సుమారు 225 రోజులకు ఒకసారి తిరుగుతాడు. భూమికీ శుక్రునికీ సూర్యునితో ఏర్పడే ఒకే రకమైన అమరిక దాదాపు 584 రోజులకు ఒకసారి తిరిగి వస్తుంది. ఈ వ్యవధిలో శుక్రుడు రెండుసార్లు సూర్యుని దిశలో కనిపిస్తాడు. ఒకసారి సూర్యునికి అవతలి వైపున ఉంటాడు. దీన్ని బహిర్యుతి అంటారు. మరోసారి భూమికీ సూర్యునికీ నడుమకు వస్తాడు. ఇది అంతర్యుతి. సూర్యసిద్ధాంతం ప్రకారం శుక్రుడు సూర్యునికి పది అంశల లోపల, వక్రగతిలో ఉంటే ఎనిమిది అంశల లోపల ఉన్నప్పుడు అస్తంగతుడవుతాడు. అందుకే బహిర్యుతి నాటి మౌఢ్యం రెండు నెలలకు పైగా సాగుతుంది. అంతర్యుతి నాటిది సుమారు పది రోజుల్లో ముగుస్తుంది.

ఈ రెండు మౌఢ్యాలను పక్కపక్కన పెట్టి చూడాలి. అంతర్యుతిలో శుక్రుడు మనకు దాదాపు 4 కోట్ల కిలోమీటర్ల దూరానికి వస్తాడు. మరే గ్రహమూ భూమికి అంత దగ్గరగా రాదు. బహిర్యుతిలో దాదాపు 26 కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉంటాడు. మొదటి స్థితిలో శుక్రుని చీకటి ముఖం మనవైపు ఉంటుంది, రెండో స్థితిలో వెలుగు ముఖం ఉంటుంది. భూమిపై శుక్రుని గురుత్వాకర్షణ ఈ రెండు స్థితుల మధ్య సుమారు 40 రెట్లు మారుతుంది. భౌతికంగా ఇంతటి వ్యత్యాసం ఉన్నా, ముహూర్తశాస్త్రం రెంటికీ ఒకే ఫలం చెప్పి ఒకే నిషేధం విధించింది.

ఈ రెండు స్థితులకూ సామ్యం ఒక్కటే: భూమిమీద ఉన్న మనిషి కంటికి శుక్రుడు కనిపించకపోవడం. అంటే మౌఢ్యం శుక్రునిలో కలిగే మార్పు కాదు. మన చూపుకు ఉన్న పరిమితి. ఆ సమయంలో అంగారకునిపై నిలబడి చూడగలిగితే శుక్రుడు మామూలుగానే వెలుగుతూ కనిపించవచ్చు. కంటికి కనబడని దీపం ఆరిపోయిందనుకున్న కాలంలో ఈ నియమం పుట్టి ఉండవచ్చు. ఆకాశం తప్ప వేరే గడియారం లేని సమాజంలో అది సహజం కూడా. కారణం తెలిసిన తరువాత నియమాన్ని పునఃపరిశీలించకపోవడమే ఆలోచించవలసిన విషయం.

4. విశాఖపట్నం, 1874 డిసెంబరు 9

శుక్రుని కక్ష్య భూకక్ష్యకు సుమారు 3.4 అంశలు వాలి ఉంటుంది. అందువల్ల ప్రతి అంతర్యుతిలోనూ శుక్రుడు సూర్యబింబానికి కాస్త పైనుంచో కిందనుంచో దాటిపోతాడు. చాలా అరుదుగా మాత్రం సరిగ్గా సూర్యబింబం మీదుగా చిన్న నల్లటి చుక్కలా సాగిపోతాడు. అదే శుక్ర సంక్రమణం. 1761, 1769, 1874, 1882, 2004, 2012 సంవత్సరాల్లో ఇది సంభవించింది. తరువాతిది 2117లో వస్తుంది.

గ్రహాల దూరాల మధ్య నిష్పత్తులు కెప్లర్ సూత్రాల వల్ల పదిహేడవ శతాబ్దంలోనే తెలిశాయి. అసలు దూరం ఒక్కటైనా కచ్చితంగా తెలియలేదు. పటం చేతిలో ఉంది, దానికి కొలబద్ద లేదు. భూమిమీద చాలా దూరంగా ఉన్న రెండు చోట్ల నుంచి సంక్రమణాన్ని చూస్తే శుక్రుడు సూర్యబింబంపై కాస్త వేరువేరు దారుల్లో సాగినట్లు కనిపిస్తాడు. ఆ దారుల్ని దాటే కాలంలో ఉన్న తేడాను బట్టి సూర్యుని దూరం గణించవచ్చని ఎడ్మండ్ హేలీ 1716లో వివరించాడు. అందుకే 1874లో వివిధ దేశాలు భూగోళం నలుమూలలకూ బృందాలను పంపాయి.

ఆ పరిశీలకుల్లో ఒక తెలుగువాడు ఉన్నాడు. విశాఖపట్నంలో గోడే వెంకట జగ్గారావు 1840 ప్రాంతంలో సొంత వేధశాల నెలకొల్పాడు. ఆయన అల్లుడు అంకితం వెంకట నరసింగరావు ఆ వేధశాలను కొనసాగించి, 1874 డిసెంబరు 9 ఉదయం శుక్ర సంక్రమణాన్ని పరిశీలించి ఫలితాలను లండన్‌లోని రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీకి పంపాడు. అదే సందర్భంలో మద్రాసు వేధశాలలో పనిచేస్తున్న చింతామణి రఘునాథాచారి సంక్రమణాన్ని సామాన్యులకు వివరించే పుస్తిక రాశాడు. పంచాంగాలను ప్రత్యక్ష పరిశీలనతో సరిదిద్దుకోవాలని ఆయన వాదించాడు.

సంక్రమణం జరిగేది అంతర్యుతిలోనే. కనుక పంచాంగం లెక్కలో ఆ రోజు శుక్రుడు సంపూర్ణ మౌఢ్యంలో ఉన్నాడు. ఏ శుభకార్యానికీ పనికిరాడన్న సమయంలోనే ఆయన మనిషికి సౌరకుటుంబాన్ని కొలిచే మార్గం చూపాడు. సూర్యబింబం అంచు వద్ద శుక్రుని చుక్క సాగినట్లు కనిపించడం వల్ల ఆనాటి కొలతలు ఆశించినంత కచ్చితంగా రాలేదు. ఆ లోపాన్ని శాస్త్రవేత్తలు దాచలేదు. వేరే పద్ధతులు వెతికారు. 1961లో శుక్రునిపైకి రాడార్ తరంగాలు పంపి దూరాన్ని మరింత కచ్చితంగా నిర్ధారించారు. సూర్యునికీ భూమికీ మధ్య సగటు దూరం సుమారు 14.96 కోట్ల కిలోమీటర్లని నేడు పాఠశాల విద్యార్థికీ తెలుసు.

5. చంద్రుడు సముద్రాన్ని కదిలిస్తే...

"చంద్రుడు సముద్రాన్నే పొంగిస్తుంటే, నీరు నిండిన మనిషి దేహంపై గ్రహాల ప్రభావం ఉండదా?" అన్న వాదన తరచుగా వినిపిస్తుంది. కొట్టిపారేయకుండా లెక్కించి చూడవలసిన వాదన ఇది. పోటుపాట్లు కలిగించే బలం వస్తువు ద్రవ్యరాశిని బట్టి పెరిగి, దూరం ఘనాన్ని బట్టి తగ్గుతుంది. ఆ లెక్కన శుక్రుడు అత్యంత సమీపానికి వచ్చినప్పుడు కూడా అతని పోటుబలం చంద్రుని బలంలో సుమారు 19,000వ వంతు. మహాకాయుడైన గురునిది లక్షన్నరవ వంతు కూడా ఉండదు.

పైగా పోటు వచ్చేది నీరు ఉన్నందువల్ల మాత్రమే కాదు. భూమికి ఈ కొసకూ ఆ కొసకూ మధ్య 12,700 కిలోమీటర్లకు పైగా దూరం ఉంది. చంద్రుని ఆకర్షణ ఒక కొసన ఎక్కువగా, మరో కొసన తక్కువగా ఉండటం వల్ల పోటు పుడుతుంది. ఆరడుగుల దేహంలో ఆ తేడా లెక్కకు రాదు. చెరువులో, బిందెలో మనకు పోటు కనిపించకపోవడానికి కారణం ఇదే. ఇక జాతకచక్రంలోని రాహుకేతువులు చంద్రమార్గం సూర్యమార్గాన్ని ఖండించే బిందువులు మాత్రమే. వాటికి ద్రవ్యరాశే లేదు.

6. పరీక్షకు నిలిచిందా?

కారణం తెలియకపోయినా ఫలితం నిజం కావచ్చు కదా అని అడగవచ్చు. అది సమంజసమైన ప్రశ్న. దానికి సమాధానం పరీక్షే ఇవ్వాలి. ఖగోళ శాస్త్రవేత్త జయంత్ నార్లీకర్, నరేంద్ర దభోల్కర్ తదితరులు మహారాష్ట్రలో అలాంటి పరీక్ష జరిపి 2009లో 'కరెంట్ సైన్స్' పత్రికలో ప్రకటించారు. చదువులో చురుకైన 100 మంది, మానసిక వైకల్యం ఉన్న 100 మంది పిల్లల జన్మవివరాలు సేకరించి జాతకాలు వేశారు. పాల్గొన్న ఒక్కొక్క జ్యోతిష్కునికి 40 జాతకాలు ఇచ్చి, ఏవి ఏ వర్గానివో చెప్పమన్నారు. సమాధానాలు పంపిన 27 మంది సగటున 46 శాతం సరిగా చెప్పారు. నాణెం ఎగరేసి చెప్పినా సుమారు 50 శాతం సరిపోతుంది.

మరి జాతకం "అచ్చంగా సరిపోయింది" అని అంతమంది ఎందుకు అంటారు? మనస్తత్వవేత్త బెర్ట్రమ్ ఫోరర్ 1948లో తన విద్యార్థులకు వ్యక్తిత్వ పరీక్ష పెట్టి, వారం తరువాత ఒక్కొక్కరికీ ఫలితమంటూ ఒక కాగితం ఇచ్చాడు. దాని కచ్చితత్వానికి వారు ఐదుకు సగటున నాలుగు దాటిన మార్కులు వేశారు. నిజానికి అందరికీ ఇచ్చింది ఒకే వర్ణన. "మీరు పైకి ధైర్యంగా ఉన్నా లోపల మథనపడతారు" వంటి మాట ఎవరికి సరిపోదు?

7. నిజమైన అనుబంధం

పైన చెప్పినదాన్ని బట్టి ఆకాశానికీ మనకూ ఏమీ సంబంధం లేదనుకుంటే అది మరో పొరపాటు. సుమారు 456 కోట్ల ఏళ్ళ క్రితం ఒకే వాయుధూళి మేఘం నుంచి సూర్యుడు, శుక్రుడు, భూమి ఏర్పడ్డాయి. మన రక్తంలోని ఇనుము అంతకుముందు నశించిన నక్షత్రాల్లో తయారైంది. మనం తినే ప్రతి మెతుకులోనూ మొక్క పట్టి దాచిన సూర్యకాంతి ఉంది. సూర్యునిపై చెలరేగే తుఫానులు విద్యుత్ వ్యవస్థలనూ ఉపగ్రహాలనూ దెబ్బతీయగలవు. 1989 మార్చిలో అలాంటి సౌరతుఫానుకు కెనడాలోని క్విబెక్ ప్రాంతం గంటలపాటు చీకట్లో మునిగింది. సూర్యుని నిరంతరం గమనించడానికి 2023 సెప్టెంబరు 2న శ్రీహరికోట నుంచి ఆదిత్య-ఎల్1 బయలుదేరింది.

శుక్రుడు కూడా మనతో ఒక మాట చెబుతున్నాడు. పరిమాణంలో భూమికి తోబుట్టువు వంటి ఆ గ్రహంపై వాతావరణంలో 96 శాతం కార్బన్ డయాక్సైడ్. అది వేడిని బయటకు పోనివ్వక ఉపరితలాన్ని సుమారు 465 డిగ్రీల సెల్సియస్ వరకు కాల్చింది. అక్కడ సీసం కరిగిపోతుంది. గాలిలో ఆ వాయువును పెంచుకుంటూ పోతున్న మనకు శుక్రుని నుంచి అందుతున్న అసలైన హెచ్చరిక ఇది. ఈ ఫలం ఏ ఒక్కరి జాతకానిదీ కాదు, భూమి అంతటిదీ.

8. విశ్వాసానికి చెల్లిస్తున్న మూల్యం

నమ్మకం ఎవరికీ హాని చేయనంతకాలం వ్యక్తిగతమే. కుజదోషం పేరుతో ఒక అమ్మాయికి సంబంధాలు తప్పిపోతున్నప్పుడు అది వ్యక్తిగతం కాదు. మంచి ఘడియలో బిడ్డ పుట్టాలని, వైద్యపరమైన అవసరం లేకపోయినా తల్లికి శస్త్రచికిత్స చేయమని కోరుతున్నప్పుడు అంతకన్నా కాదు. జన్మలగ్నం పూర్వకర్మను సూచిస్తుందని చెప్పే శాస్త్రం, ఆ లగ్నాన్ని ఆసుపత్రి గదిలో ఎంచుకోవచ్చని ఒప్పుకుంటే తన మూలసూత్రాన్నే వదులుకున్నట్లు అవుతుంది.

విశ్వవిద్యాలయాల్లో జ్యోతిషాన్ని కోర్సుగా ప్రవేశపెట్టాలని విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2001లో నిర్ణయించినప్పుడు, హైదరాబాదులోని సీసీఎంబీ వ్యవస్థాపకులు పి.ఎం. భార్గవ న్యాయస్థానాన్ని ఆశ్రయించారు. ఆంధ్రప్రదేశ్ హైకోర్టు పిటిషన్‌ను కొట్టివేసింది. 2004లో సుప్రీంకోర్టూ జోక్యానికి నిరాకరించింది. ఏ కోర్సు ఉండాలన్నది న్యాయస్థానం తేల్చదగిన అంశం కాదన్నంత మాత్రాన, జ్యోతిషఫలాలు సత్యమని తేలినట్లు కాదు. ఆ నిర్ధారణ ఆధారాలతోనే జరగాలి. శాస్త్రీయ దృష్టిని పెంపొందించుకోవడం పౌరుని ప్రాథమిక కర్తవ్యమని రాజ్యాంగంలోని 51ఎ(హెచ్) అధికరణం చెబుతోంది.

9. ముగింపు

1. మౌఢ్యం గ్రహంలో కలిగే బలహీనత కాదు, భూమినుంచి చూసే కంటికి ఏర్పడే అవరోధం. పరస్పర విరుద్ధమైన రెండు భౌతికస్థితులకు ఒకే ఫలం చెప్పడం దీన్ని స్పష్టం చేస్తుంది.

2. పంచాంగంలోని గణితభాగం మన వారసత్వ సంపద. దాని కచ్చితత్వం ఫలభాగానికి ప్రమాణం కాజాలదు.

3. గ్రహాల పోటుబలాలు మనిషిపై ప్రభావం చూపేంతవి కావు. జాతకఫలాలు పరీక్షల్లో యాదృచ్ఛిక ఊహను మించలేదు.

4. సౌరకుటుంబంతో మన సంబంధం పుట్టుకలో, ఆహారంలో, వాతావరణంలో ఉంది. అది అందరికీ సమానమైనది.

5. ఒక వివాహం నిలవడానికి కావలసింది ఇద్దరి మధ్య అవగాహన. దాన్ని శుక్రుడు ఇవ్వలేడు, తీసుకుపోలేడు.

అంకితం వెంకట నరసింగరావు ఆ ఉదయం దూరదర్శినికి కన్ను ఆనించినప్పుడు చూసింది మౌఢ్యంలో ఉన్న శుక్రుణ్ణే. ఆ గ్రహం తనకేం చేస్తుందని కాక, ఎక్కడ ఉంది, ఎంత వేగంగా కదులుతోంది అని ఆయన అడిగాడు. తరువాత మూఢం వచ్చి ఇంట్లో పెళ్ళి మాటలు ఆగినప్పుడు మనం అడగవలసిన ప్రశ్న కూడా అలాంటిదే.