ఊరియా చేతిలో ఉత్తరం

నెలకొకసారి నేను డొంకరాయి వెళ్లి వస్తుంటాను. సీలేరు నది మీద కట్టిన ఆనకట్ట పక్కన, చుట్టూ కొండల మధ్య ఉన్న చిన్న ఊరు. మాచ్‌ఖండ్, బలిమెల, సీలేరు దాటి దిగివచ్చిన నీరు అక్కడ ఆగి, 25 మెగావాట్ల కరెంటు ఇచ్చి, కాలువ గుండా దిగువ సీలేరు కేంద్రానికి పోయి అక్కడ మరో 460 మెగావాట్లు ఇస్తుంది. మన పట్టణాల్లో గుడి దీపాలు, చర్చి మైకులు వెలిగేది ఇలాంటి నీటితోనే.

మొన్న వెళ్లినప్పుడు ఆరాధన అయ్యాక ఒక తల్లి కొడుకును వెంటబెట్టుకొని వచ్చింది. "అయ్యగారూ, మావాడికి ఆర్మీలో వచ్చింది. సోమవారం బండెక్కుతున్నాడు. ప్రార్థన చెయ్యండి" అంది. అగ్నివీరుగా తీసుకున్నారట. నాలుగేళ్లు. ఆ తర్వాత నలుగురిలో ఒకరిని మించి ఉంచుకోరు. నేను అతని తలమీద చెయ్యి పెట్టి కళ్లు మూయబోతుంటే ఆమె మళ్లీ అంది: "వాడిని ఎక్కడికి పంపితే అక్కడికి పోతాడు. చెప్పిన పని చేస్తాడు. ఆ పంపేవాళ్ల కోసం కూడా చెయ్యండి అయ్యగారూ."

రాజుల కోసం, అధికారుల కోసం ప్రార్థించమని పౌలు తిమోతికి రాశాడు గనుక ప్రతి ఆదివారం మేమూ ఆ మాట అంటూనే ఉంటాం. నిజం చెప్పాలంటే మొక్కుబడిగా అంటాం. ఆ తల్లి అడిగింది అది కాదు. తన బిడ్డను పంపేవాడు, ఆ బిడ్డ గురించి రేపు జవాబు చెప్పేవాడై ఉండాలని ఆమె అడిగింది.

ఘాట్ రోడ్డు దిగుతున్నంతసేపూ నాకు ఊరియా గుర్తుకొచ్చాడు. సెమినరీలో 2 సమూయేలు 11వ అధ్యాయాన్ని మేము దావీదు పాపంగా, 12వ అధ్యాయాన్ని దావీదు పశ్చాత్తాపంగా చదువుకున్నాం. ఊరియా మీద ఒక్క ప్రసంగం కూడా విన్నట్టు నాకు జ్ఞాపకం లేదు. అతడు హిత్తీయుడు, అంటే పరాయి జాతివాడు. పేరు మాత్రం హెబ్రీ పేరు, యెహోవా నా వెలుగు అని అర్థం. రాజులు యుద్ధానికి బయలుదేరే కాలంలో దావీదు యెరూషలేములోనే ఉండిపోయాడు, ఊరియా రబ్బా ముట్టడిలో ఉన్నాడు. రాజు పిలిపిస్తే వచ్చాడు. ఇంటికి వెళ్లి విశ్రాంతి తీసుకోమంటే, మందసమూ తోటి సైనికులూ గుడారాల్లో ఉండగా నేనెలా వెళ్తానన్నాడు, రాజనగరు వాకిట్లోనే పడుకున్నాడు. మరునాడు రాజు ఒక ఉత్తరం రాసి అతని చేతికే ఇచ్చి సేనాధిపతి యోవాబుకు పంపాడు. అందులో ఉన్నది అతని చావు. ఆ ఉత్తరాన్ని ఊరియా విప్పి చూశాడని ఎక్కడా లేదు.

ఈ అధ్యాయంలో ఎవరూ పెద్దగా పట్టించుకోని వచనం ఒకటుంది, 17వది. ఆ రోజు గోడ దగ్గర ఊరియా ఒక్కడే చావలేదు. దావీదు సేవకుల్లో మరికొందరు కూడా కూలిపోయారు. వాళ్ల పేర్లు లేవు. ఒక్కడి చావు మామూలు యుద్ధమరణంలా కనబడాలంటే పక్కన ఇంకొందరు ఉండాలి గదా! యోవాబుకు అది తెలుసు. కబురు తెచ్చినవాడితో దావీదు పంపిన జవాబు, కత్తి ఒకసారి ఒకణ్ణి, ఒకసారి ఇంకొకణ్ణి తింటుంది, దీని గురించి చింతపడకు అన్న ధోరణిలో ఉంటుంది. పై ఆఫీసుల నుంచి వచ్చే సానుభూతి సందేశాలు చదివినప్పుడల్లా నాకు ఈ జవాబే గుర్తుకొస్తుంది.

డొంకరాయికి ఎగువన ఇదే నదిమీద ఒరిస్సా వైపు బలిమెల జలాశయం ఉంది. 2008 జూన్ 29, ఆదివారం. మనం ఆరాధనల్లో ఉన్న రోజు. గాలింపు ముగించుకొని వస్తున్న గ్రేహౌండ్స్ పోలీసుల లాంచీ మీద అలంపాక దగ్గర కొండలపై మాటువేసిన మావోయిస్టులు కాల్పులు జరిపారు. లాంచీ మునిగింది. 38 మంది చనిపోయారు. ఎక్కువమంది తెలుగు పిల్లలే. శవాలను రోజుల తరబడి నీళ్లలోంచి తీశారు. చంపింది మావోయిస్టులు, ఆ రక్తానికి బాధ్యులు వారే. ఇందులో నాకు సందేహం లేదు. ఇది ఊరియా కథ కూడా కాదు, అక్కడ ఎవరూ ఎవరి చావునూ ఉత్తరంలో రాయలేదు. అయినా అంతమందిని ఒకే లాంచీలో, రెండు పక్కలా కొండలున్న నీటి దారిలో ఎందుకు ఎక్కించారన్న ప్రశ్న ఆనాడే లేచింది. చనిపోయినవారి తల్లులు అడగదగ్గ ప్రశ్న అది. శత్రువు దుర్మార్గుడని చెబితే ఆ ప్రశ్నకు జవాబు చెప్పినట్టు కాదు.

ఆ తర్వాతి ఆదివారం మా చర్చిలో లేచి నిలబడి ఆ కుటుంబాల కోసం ప్రార్థించాం. నేనే నడిపించాను. కొందరు ఏడ్చారు. గుమ్మం దగ్గర కరచాలనాలప్పుడు, ఏజెన్సీ నుంచి వచ్చి పట్నంలో పనిచేసుకుంటున్న ఒకామె ఆగి అడిగింది: "అయ్యగారూ, పోయినేడు వాకపల్లి కోసం మనం ప్రార్థన చెయ్యలేదేం?"

2007 ఆగస్టు 20న జి.మాడుగుల మండలం వాకపల్లికి గాలింపు కోసం గ్రేహౌండ్స్ దళం వెళ్లింది. వారు తమపై అత్యాచారం చేశారని 11 మంది కోందు గిరిజన స్త్రీలు ఫిర్యాదు చేశారు. ఆ రోజుల్లో పత్రికల నిండా అదే. నాకు తెలియదని చెప్పలేను. అది రాజకీయాల వ్యవహారం, బలిపీఠం దగ్గరికి తేకూడదు అనుకున్నాను. ఆమెకు కూడా అదే చెప్పాను. ఆమె తలూపి వెళ్లిపోయింది, వాదించలేదు. వాదించి ఉంటే బాగుండేది.

కేసు సుప్రీంకోర్టు దాకా పోయింది. విచారణ జరపవలసిందేనని 2017లో ఆ కోర్టు చెప్పింది. 2023 ఏప్రిల్ 6న విశాఖపట్నంలోని ప్రత్యేక కోర్టు 13 మంది పోలీసులనూ నిర్దోషులుగా వదిలిపెట్టింది. చట్టం నిర్దోషులన్న వారిని దోషులనడానికి ఈ కాలమ్ స్థలం కాదు. కానీ అదే తీర్పులో, దర్యాప్తు అధికారులు తమ పని సరిగా చేయలేదని కోర్టు తప్పుపట్టింది. ఆ స్త్రీలకు జిల్లా న్యాయసేవాధికార సంస్థ ద్వారా పరిహారం ఇవ్వాలని కూడా చెప్పింది. ఆ రెండు ముక్కలూ కలిపి చదవండి. పరిహారం ఉంది, జవాబుదారుడు లేడు. పదిహేనేళ్లు దాటి నడిచిన కేసులో నిజం తేలే దారినే మొదట్లో మూసేశారన్నమాట. ఆ స్త్రీలకే కాదు, ఆ 13 మందిలో నిజంగా ఏ తప్పూ చేయనివారుంటే వారికి కూడా అన్యాయమే జరిగింది. మచ్చ పోగొట్టుకోవడానికి సరైన దర్యాప్తు తప్ప ఇంకేముంది?

ఏజెన్సీలో కోర్టన్నా, పోలీసన్నా, ప్రభుత్వమన్నా నమ్మకం పోయిందని బాధపడేవారు ఈ కథను మొదటినుంచీ చదవాలి. ఇది నిన్నటిది కాదు. 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి స్టేషన్ల మీద పడడానికి ముందు, గూడెం రోడ్డు పనిలో గిరిజనుల చేత చాలీచాలని కూలికి చాకిరీ చేయించిన బాస్టియన్ అనే డిప్యూటీ తహసీల్దారు ఉన్నాడు. ఫిర్యాదులు వెళ్లాయి, ఫలితం లేదు. ఆ తర్వాత తిరుగుబాటును అణచడానికి మలబారు పోలీసులనూ అస్సాం రైఫిల్స్‌నూ దించారు. మొదట ఒక అధికారిని పిలిచి జవాబు అడిగి ఉంటే ఎంతమంది సిపాయిలు, ఎంతమంది గిరిజనులు బతికేవారో!

మనవైపు కూడా వేలు తిప్పుకోవాలి. మిషనరీలు మనకు అప్పజెప్పిన స్థలాల లెక్కలు, కమిటీల తగాదాలు, ఏళ్ల తరబడి నడుస్తున్న సంఘాల వ్యాజ్యాలు మనకు తెలియనివా? లెక్క అడిగినవాణ్ణి సంఘ విరోధి అంటాం. నాతాను దావీదు ముందుకు వచ్చినట్టు మన ముందుకు ఎవరైనా వస్తే ముందుగా అతని సభ్యత్వ చందా బాకీ ఎంతో చూస్తాం.

దావీదు గొప్పతనం తప్పు చేయకపోవడంలో లేదు. నాతాను వేలు చూపినప్పుడు నేను పాపం చేశానని రాజు సింహాసనం మీదనుంచే ఒప్పుకున్నాడు. యోవాబు మీదికో, కత్తి మీదికో నెట్టలేదు. అయినా లేఖనం ఆ విషయాన్ని మరిచిపోనివ్వలేదు. దావీదు పరాక్రమశాలుల జాబితాలో (2 సమూయేలు 23:39) చిట్టచివరి పేరు ఊరియాది. దావీదును మెచ్చుకునే చోట కూడా ఊరియా సంగతిని మినహాయించే రాశారు (1 రాజులు 15:5). మత్తయి యేసుక్రీస్తు వంశావళి రాస్తూ బత్షెబ పేరు రాయలేదు, ఊరియా భార్య అని రాశాడు.

సోమవారం బండెక్కబోయే ఆ కుర్రవాడు ఆ రోజు నన్ను ఒక మాట అడిగాడు. "అయ్యగారూ, పై ఆఫీసరు తప్పు పని చెయ్యమంటే?" బాప్తిస్మమిచ్చు యోహానును సైనికులు అడిగిన ప్రశ్నకు (లూకా 3:14) ఇది దగ్గర చుట్టమే. యోహాను వారిని ఉద్యోగం మానమనలేదు. బలవంతపు వసూళ్లు, అబద్ధపు నేరారోపణలు మానమన్నాడు, జీతంతో సరిపెట్టుకోమన్నాడు. నోబులో యాజకులను చంపమని సౌలు ఆజ్ఞాపిస్తే అతని కాపలా భటులు చెయ్యి ఎత్తలేదని అతనికి చెప్పాను (1 సమూయేలు 22). ఆ పని చేయడానికి దోయేగు దొరికాడు, 85 మంది చనిపోయారు, అదీ చెప్పాను. మన 1950 నాటి సైనిక చట్టం కూడా 41వ సెక్షనులో చట్టబద్ధమైన ఆజ్ఞను ధిక్కరించడాన్నే నేరమంది. వియత్నాంలోని మైలాయ్‌లో 1968లో అమెరికా సైనికులు గ్రామస్థులను చంపుతుంటే, వారి సైన్యానికే చెందిన హ్యూ థామ్సన్ అనే హెలికాప్టర్ పైలట్ మధ్యలో దిగి అడ్డుపడ్డాడు. అతనికి సోల్జర్స్ మెడల్ 1998లో గాని రాలేదు. ఆ నేరంలో శిక్ష పడింది ఒక్క లెఫ్టినెంటుకే, పైవాళ్లెవరికీ పడలేదు. ఇవన్నీ చెప్పడం నాకు తేలిక. పంతొమ్మిదేళ్ల వయసులో తుపాకీ పట్టుకొని నిలబడేది అతను. "సరే అయ్యగారూ" అన్నాడు గాని, మొహంలో భయం పోలేదు.

డొంకరాయి చర్చిలో ప్రార్థన మనవులు రాసే నోటుపుస్తకం ఒకటుంది. ఆ తల్లి కొడుకు పేరు నా చేత రాయించింది. దాని కింద గీత గీసి వాకపల్లి అని రాశాను. ఆమె చదువుకున్నదే, పైకి చదివింది. ఎందుకు రాశారని అడగలేదు. కొంగుతో కళ్లు తుడుచుకొని, "వాళ్లు మాకు చుట్టాలవుతారండి" అంది.